తెరవమనే మాట కోసం

ఈ ఏడాది జూలై పదిహేడవ తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, ఒక పెద్దావిడ పటమటలోని మా ఆసుపత్రి రెండవ అంతస్తుకు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో స్టీలు టిఫిను డబ్బా ఉంది. వార్డులోని రోగికి ఎవరికో భోజనం తెచ్చారనుకుని, వేళ ఇంకా కాలేదని చెప్పబోయాను. ఆవిడ మూత తీసి చూపించారు. లోపల మాత్రల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒక్క మాత్ర కూడా తీయనివే.

"ఇవి ఆఫీసులో అప్పజెప్పాలండీ. పని అయిపోయాక సామాను ఇంట్లో ఉంచుకునే మనిషి కాదుగా ఈయన," అన్నారు.

అప్పుడు గుర్తుపట్టాను, నా పాత రోగి ఒకరి భార్య. ఆయన ఎలా ఉన్నారని అడగబోయి, ఆవిడ అన్న మాట మళ్ళీ ఒకసారి మనసులో విని, ఆగిపోయాను.

"పోయిన నెల్లోనండీ. నిద్దట్లోనే," అన్నారు ఆవిడ. గురువారమే ఎందుకు వచ్చారని నేను అడగలేదు. గురువారం ఆయన రోజు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయనే మనుషులను పేర్లతో పిలిచేవారు కారు. ఉద్యోగంలో ఉన్న మనిషిని ఉద్యోగం పేరుతోనే పిలవాలన్నది ఆయన పద్ధతి. ఆ లెక్కన ఆయన లస్కరుగారు. ఇరిగేషన్‌లో లస్కరు అంటే కాలువ గట్టు మీద తిరుగుతూ, తూముల దగ్గర షట్టర్లు ఎత్తుతూ దించుతూ, నీటిమట్టం చూసి పై అధికారికి చెప్పే చివరి మెట్టు ఉద్యోగి. మా ఇంట్లో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. మా నాన్న కాలువ చివరనుండే శివారు భూమి కౌలుకు చేసేవాడు. నీరు ఎప్పుడు వస్తుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి లస్కరు. ఆయన సైకిలు గట్టు మీద కనిపిస్తే నాన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకునేవాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చి, మావాళ్ళలో మొదటగా డిగ్రీ చదివి నర్సునైన నన్ను, ఒక లస్కరు నిలబడి "ఏఈ గారూ" అని పిలిచిన రోజున నాకు ఏం చేయాలో తోచలేదు. కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు. "ముందు గేజీ చెప్పండి," అన్నారు.

గేజీ అంటే కాలువలో నీటిమట్టం చూపే కొలబద్ద. మా గదిలోకి ఆ మాట తెచ్చింది ఆయనే. దాన్ని కొంచెం వివరించాలి.

ఆయనకు చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళజ్వరం గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసి వెళ్ళింది. పెద్దవయసులో ఆ ఇరుకు వల్ల గుండె పైగది లయ తప్పింది. సక్రమంగా ముడుచుకోవలసిన గది ఊరికే అదురుతూ ఉంటుంది. దీన్ని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అదిరే గదిలో రక్తం నిలవ ఉండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుచేత రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. ఎంత పలచగా ఉన్నదీ ఎప్పటికప్పుడు రక్తం తీసి చూస్తాం. ఆయనలాంటి వారికి ఆ అంకె రెండుకు తగ్గకూడదు, మూడు దాటకూడదు.

నేను మొదటిరోజు ఇదంతా చెప్పి, అర్థమైందా అని అడిగితే ఆయన ఆ రెండు అంకెలూ నాచేత మళ్ళీ చెప్పించుకున్నారు. "తక్కువుంటే శివారుకి అందదు. ఎక్కువుంటే గట్టు తెగుద్ది. గేజీ చూసి తిప్పుకోవాలి. అంతేగా అండీ?" అన్నారు. నాలుగేళ్ళ చదువులో నేను విన్న వివరణలలో అంత పొట్టిది మరొకటి లేదు. ఆ తరువాత మిగతా రోగులకు కూడా నేను గేజీ అనే చెప్పసాగాను. మా ప్రాంతపు రైతులకు అది వెంటనే అర్థమయ్యేది.

ఆ రోజుల్లో మాకు ఒక గది ఉండేది. గుండె డాక్టరుగారు, మందులు చూసే ఫార్మసిస్టు, ఆహారం గురించి చెప్పే అమ్మాయి, వీరందరికీ రోగికీ మధ్య నేను, ప్రతి గురువారం ఆ ఒక్క గదిలోనే కూర్చునేవాళ్ళం. ఇలాంటి రోగికి ఒక్క గుండె మాత్రమే ఉండదు. బీపీ ఉంటుంది, చక్కెర ఉంటుంది, మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఎవరో ఇచ్చిన బిళ్ళ ఉంటుంది, వారానికొకసారి గోంగూర ఉంటుంది. ఇవన్నీ ఆ మాత్ర ప్రభావాన్ని పెంచనైనా పెంచుతాయి, తగ్గించనైనా తగ్గిస్తాయి. అన్నీ ఒకచోట ఒకరికి తెలియాలి. ఆ ఒకరిగా ఉండటమే నా పని. రాని వారికి ఫోను చేసి ఎందుకు రాలేదని కూడా అడిగేదాన్ని.

లస్కరుగారు ఆ గదిని చూసిన వెంటనే తన శాఖగా మార్చుకున్నారు. గుండె డాక్టరుగారు ఈఈ గారు, అనగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నేను అసిస్టెంటు ఇంజనీరును. ఎలుగెత్తి మాట్లాడే మనిషి కాదు గానీ, మాట్లాడే ముందు ఆయన కుడిచేయి గాలిలో నెమ్మదిగా తిరిగేది. షట్టరు మీది చక్రం తిప్పినట్టు. ఎడమకు తిప్పితే తెరవడం, కుడికి తిప్పితే మూయడం. మాత్ర సగం పెంచామని చెబితే ఆ చేయి ఎడమకు ఒక అర చుట్టు తిరిగి ఆగేది. "అర చుట్టు," అని తనకు తానే చెప్పుకునేవారు. ఇంటికి వెళ్ళి తప్పు తిప్పుతారేమోనన్న అనుమానం నాకు ఎప్పుడూ రాలేదు.

ఆహారం అమ్మాయి ఆకుకూరలు మానవద్దనీ, ఒకరోజు గిన్నెడు తిని పది రోజులు మానేయకుండా కొద్దికొద్దిగా ఒకే తీరున తినమనీ చెప్పింది. ఆయనకు ఆ సలహా చాలా నచ్చింది. "అంటే గోంగూరకి వంతు కట్టమంటారు," అన్నారు. పక్కన కూర్చున్న ఒక పెద్దామె, హనుమాన్ జంక్షన్ అవతలి నుంచి వచ్చే ఆమె, ఊరుకోలేదు. మా ఊరి కాలవకి ఎన్నడూ సరిగ్గా వంతు కట్టింది లేదు గానీ పచ్చడి గిన్నెకి కడతారంట అన్నది. గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా, ఆమెది ఏ కాలువ కిందో, ఏ తూమో, ఎన్నో నంబరో అడిగి, అది తన సెక్షను కాదని తేల్చుకున్నాకనే నవ్వారు.

కంటికి శుక్లం తీయించుకోవలసి వచ్చినప్పుడు జరిగినది ఆయనకు అన్నిటికంటె గొప్ప విషయం. రక్తం పలచబడే మాత్ర ఆపాలా వద్దా అని కంటి డాక్టరుగారికి సందేహం వచ్చింది. మా డాక్టరుగారు లస్కరుగారి ఎదుటే కంటి డాక్టరుగారికి ఫోను చేసి, స్పీకరు పెట్టి మాట్లాడారు. ఆపనక్కరలేదు, ముందురోజు గేజీ చూసి పంపుతాం అన్నారు. ఫోనులో గొంతు వినిపించినంతసేపూ లస్కరుగారు నిలబడే ఉన్నారు. తరువాత నాతో, తన సర్వీసంతటిలో రెండు సెక్షన్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆర్డరు వేయడం చూడలేదని, ఇక్కడే చూశానని అన్నారు. ఆయన ముఖంలో అంత నిశ్చింత నేను మరెప్పుడూ చూడలేదు. ఆ నిశ్చింతను గురించి ఇప్పుడు ఆలోచించడం నాకు కష్టంగా ఉంది.

ఒక గురువారం డాక్టరుగారు రావడం ఆలస్యమైంది. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, కూర్చోవడం అరుదు కనుక గుర్తుంది, ఆయన ఒక సంగతి చెప్పారు. సర్వీసులో చేరిన తొలి సంవత్సరాలలో ఒక వేసవి చివర, తమ సెక్షను ఏఈ గారు వచ్చి ఫలానా షట్టరు దించమన్నారట. దించారు. ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు లేదు. మర్నాడు మధ్యాహ్నం వేరే సెక్షను అధికారి ఒకరు పదిమంది రైతులను వెంటబెట్టుకుని వచ్చారు. నారుమళ్ళు ఎండిపోతున్నాయి, షట్టరు ఎత్తమన్నారు. ఈయన ఎత్తనన్నారు. మూయించిన ఏఈ గారు వచ్చి తెరవమనాలి అన్నారు. ఆ అధికారి తిట్టారు, సస్పెండు చేయిస్తానన్నారు. రైతులు మీదికి వచ్చారు. ఈయన చక్రం తిప్పే హ్యాండిలు తీసి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. సాయంత్రానికి తమ ఏఈ గారు వచ్చారు. వచ్చి, షట్టరుకు దిగువన, కాలువ మలుపు తిరిగిన చోట, ఎవరికీ కనపడని గోడ కింద పనిచేస్తున్న తాపీవాళ్ళను ముగ్గురిని పైకి పిలిచారు. అడుగుభాగం మరమ్మతు కోసమే కాలువ మూయించారు.

ఆ మనుషులు అక్కడ ఉన్నారని మీకు తెలుసా అని అడిగాను.

"తెలీదండీ," అన్నారాయన. "అదేగా నేను చెప్పేది. కింద ఎవరున్నారో నాకేం తెలుసు? ఎందుకు మూయించారో మూయించినాయనకి తెలుసు. అందుకే తెరవమని చెప్పటం కూడా ఆయన నోటంటే రావాలి. ఇంకెవరు చెప్పినా, ఎంత పెద్దాయన చెప్పినా, తిప్పకూడదండీ."

తన రిటైర్మెంటు తరువాత ఆ పోస్టులో ఎవరినీ వేయలేదని కూడా ఆ రోజే చెప్పారు. గట్టు మీద మనిషి లేడు. హ్యాండిలు ఎవరి చేతిలో ఉంటే వారు తిప్పుతున్నారు. చెబుతూ ఆయన గాలిలో చేయి తిప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ తరువాత ఏడాది తిరగకుండానే మా గది మూసివేశారు. కొత్తగా వచ్చిన పైవారికి, ఒక రోగిని నలుగురు కూర్చుని చూడటం వృథాగా తోచింది. డాక్టరుగారు మూడవ అంతస్తులోని తమ గదికి వెళ్ళారు. రక్తపరీక్ష కింది అంతస్తు ల్యాబుకు వెళ్ళింది. ఆహారం అమ్మాయిని ప్రసూతి విభాగానికి మార్చారు. నన్ను వార్డు డ్యూటీలో వేశారు. రోగులకు ఫోను చేయడం నా పనులలో నుంచి తీసివేశారు. ఏ విభాగమూ మూతపడలేదు కనుక రోగులకు లోటు ఏమీ లేదని మాతో చెప్పారు. అది నిజమే. ఏ విభాగమూ మూతపడలేదు.

చివరి గురువారం లస్కరుగారికి ఈ మార్పులన్నీ నేనే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. గేజీ ఎక్కడ చూస్తారు, అంకె ఎవరికి చెబుతారు, మాత్ర ఎవరు తిప్పమంటారు అని ఒక్కొక్కటే అడిగారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంతస్తు చెప్పాను.

"ఇవన్నీ కలిపి చూసేది ఎవరండీ?" అన్నారు.

డాక్టరుగారే అన్నాను. అంతకంటె నిజమైన జవాబు నా దగ్గర లేదు. ఆయన నన్ను ఇబ్బంది పెట్టదలచుకోలేదు. లేచి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు వేసుకుంటూ, "అయితే ఇక్కడ కూడా గట్టు మీద మనిషిని తీసేశారన్నమాట," అని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

ఆ తరువాత జరిగినదంతా ఆవిడ చెప్పగా తెలిసినది. లస్కరుగారికి దవడ పన్ను నొప్పి చేసింది. హనుమాన్ జంక్షన్‌లో ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళారు. వాడుతున్న మాత్రలన్నీ చూపించారు. ఆ డాక్టరుగారు రక్తం పలచబడే మాత్రను వేరుగా తీసి, పన్ను పీకాలి కనుక దీన్ని ఆపేయండి, మళ్ళీ నేను చెప్పేవరకు వేసుకోవద్దు అన్నారు. పన్ను తీయడానికి ఈ మాత్రను ఆపవలసిన అవసరం చాలామందికి ఉండదు. గేజీ హద్దులో ఉంటే చాలు. అయితే ఆ మాట చెప్పడానికి ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు. పన్ను తీశారు, కుట్టు వేశారు, గాయం మానింది. కుట్టు విప్పించుకోవడానికి వెళ్ళిన రోజున డాక్టరుగారు లేరు. అక్కడ పనిచేసే అమ్మాయి కుట్టు విప్పి, అంతా బాగుందని చెప్పింది. మాత్ర సంగతి ఏమిటని ఈయన అడిగారు. డాక్టరుగారు ఫోను చేస్తారండీ అన్నది.

ఫోను రాలేదు. ఈయన ఎదురుచూశారు.

ఆవిడ పోరారు. పుండు మానిపోయింది కదా, వేసుకోవచ్చు కదా అన్నారు. మూయించినాయన చెప్పాలన్నారు ఈయన. పోనీ పటమట వెళ్ళి గుండె డాక్టరుగారినైనా అడుగుదామన్నారు ఆవిడ. ఈయనకు కంటి ఆపరేషను గుర్తొచ్చింది. వాళ్ళూ వాళ్ళూ ఫోనులో మాట్లాడుకునే ఉంటారు, మనం మధ్యలో వెళ్ళి అడిగితే అనుమానించినట్టు ఉంటుంది అన్నారు. గేజీ చూపించుకోవడానికి కూడా రాలేదు. కాలువ కట్టేసి ఉండగా గేజీ ఏం చూస్తారు అన్నారట. చివరికి ఆవిడ, పోనీ ఆ సిస్టరుగారికి ఒక్క ఫోను చేద్దాం, ఆమె నంబరు ఉందిగా అన్నారు. దానికి ఆయన చెప్పిన జవాబు ఆవిడ నాకు వార్డులో, ఆయన మంచం పక్కనే నిలబడి చెప్పారు.

"ఆమె డ్యూటీ మార్చారు కదే. ఇప్పుడు ఆమెను అడిగితే ఆమె చెప్పకుండా ఉండలేదు. చెబితే రేపు ఆమెకు మాటొస్తుంది. పిల్ల కష్టపడి పైకొచ్చింది. మనవల్ల మాట పడకూడదు."

ఆయనను ఆసుపత్రికి తెచ్చిన రోజు ఉదయం నన్ను వార్డు నుంచి ఎమర్జెన్సీకి పంపారు. కుడివైపు చేయీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. ఎప్పుడు పడిపోయారో తెలియదు, తెల్లవారి లేపితే అలా ఉన్నారు. గడ్డను కరిగించే ఇంజెక్షనుకు సమయం మించిపోయింది. రక్తం తీసి పరీక్షకు పంపితే గేజీ ఒకటి వచ్చింది. ఆ మాత్రను ఎన్నడూ వేసుకోని మనిషికి ఉండే అంకె అది. నన్ను చూసి ఆయన గుర్తుపట్టారు. లేవబోయారు. స్ట్రెచరు మీద నుంచి, ఎడమచేత్తో, నాకు కూర్చోమని సైగ చేశారు.

మెదడులో అంత దెబ్బ తగిలాక ఆ మాత్రను వెంటనే మొదలుపెట్టకూడదు. స్కాను తీసి చూసి, కొన్నాళ్ళు ఆగాలి. మా డాక్టరుగారు ఆగి, మళ్ళీ స్కాను చూసి, ఇక ఇవ్వవచ్చునన్న రోజున మాత్రను నేనే తీసుకువెళ్ళాను. అప్పటికి ఆయన మెత్తటి ఆహారం మింగుతున్నారు. మనం చెప్పేది అర్థమవుతోంది, మాట మాత్రం రావడం లేదు. చెంచాలో మాత్ర పెట్టి నోటి దగ్గరకు తెచ్చాను. ఏ మాత్రో ఆయన చూశారు. పెదవులు మూసుకున్నారు.

ఇది రక్తం పలచబడే మాత్ర అని చెప్పాను. తెలుసునన్నట్టు తల ఊపారు. పెదవులు విప్పలేదు. ఈఈ గారు ఇవ్వమన్నారండీ అన్నాను. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఎడమచేయి పైకెత్తి, గాలిలో కుడివైపుకు తిప్పి, ఆపి, అలాగే పట్టుకున్నారు. మూసి ఉంది అని దాని అర్థం. డాక్టరుగారు స్వయంగా వచ్చి చెప్పారు. లస్కరుగారు డాక్టరుగారికి అదే ఎడమచేయి నుదుటికి తాకించి నమస్కరించారు. నోరు మాత్రం తెరవలేదు. డాక్టరుగారికి మొదట ఇది మెదడు దెబ్బతిన్నందువల్ల వచ్చిన మొండితనంగా తోచింది.

"కాదండీ," అన్నారు ఆవిడ, మంచం అవతలి నుంచి. "ఆ పళ్ళ డాక్టరుగారు చెప్పాలండీ. ఆయన ఇంకా చెప్పలేదుగా."

డాక్టరుగారు నా వైపు చూశారు. కాలువ మలుపు దగ్గరి తాపీవాళ్ళ కథ నేను చెప్పాను. విని, ఫోను తీసి, ఆవిడ దగ్గర నంబరు తీసుకుని కలిపారు. స్పీకరు పెట్టారు. అవతలి గొంతు చిన్నవయసు గొంతు. మొదట గుర్తురాలేదు. దవడ పన్ను, పెద్దాయన, కాలువ ఉద్యోగి అని చెప్పాక గుర్తొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టమని మీరు చెప్పలేదటండీ అన్నారు మా డాక్టరుగారు. ఆ పళ్ళ డాక్టరుగారు, "గుండెవాళ్ళు మీరే చెబుతారనుకున్నానండీ," అన్నారు.

మా డాక్టరుగారు ఆయనను తప్పుపట్టలేదు. ఇప్పుడు పెద్దాయన ఎదురుగానే ఉన్నారు, వింటున్నారు, మీరే చెప్పండి అన్నారు.

"పెద్దాయనా," అన్నది ఆ గొంతు. తడబడింది. "ఆ మాత్ర వేసుకోండి. ఇంక ఆపక్కర్లేదు. వేసుకోండి."

లస్కరుగారు ఫోను వైపు చూశారు. ఎడమచేయి మళ్ళీ పైకి లేచింది. అలవాటు లేని చేయి కనుక వణుకుతూ తిరిగింది. ఈసారి ఎడమవైపుకు, అర చుట్టు కాదు, చుట్టు తరువాత చుట్టు, పూర్తిగా ఎత్తవలసిన షట్టరుకు తిప్పినట్టు తిప్పి, చేయి దించి, నోరు తెరిచారు. నేను మాత్ర వేశాను. నోటి మూల నుంచి నీరు గడ్డం మీదుగా కారింది. తుడిచాను.

ఆ ఫోను మాట రెండు నిమిషాలైనా పట్టలేదు.

అప్పుడు నాకు కలిగినది దుఃఖమని చెప్పలేను. ఆయన మొండివాడు కారు. ఎందుకు మూయించారో మూయించినవారికి తెలుసునని నమ్మారు. ఎవరో ఒకరు దిగువకు వెళ్ళి చూసే ఉంటారని నమ్మారు. ఆ నమ్మకం ఆయనకు ఎక్కడి నుంచో రాలేదు. మా గదిలో, మా డాక్టరుగారి ఫోను స్పీకరులో, ఆయన తన చెవులతో విన్నారు. మేమే చూపించి, మేమే తీసివేశాం. తీసివేసిన సంగతి ఆయనకు అంతస్తుల వారీగా చెప్పాం. కానీ ఇక ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని మాత్రం చెప్పలేదు. అది ఎవరూ అనుకుని తీసుకున్న నిర్ణయం కాదు కనుక, చెప్పవలసిన విషయంగా ఎవరికీ తోచలేదు.

ఆయనను ఇంటికి పంపించాం. మాట తిరిగి రాలేదు. మంచం మీది మనిషిని ఊరి నుంచి రక్తపరీక్షకు తేవడం ఆవిడ ఒక్కరి వల్ల కాలేదు. గన్నవరంలో ఒకటి రెండుసార్లు చూపించారట. ఆ అంకెలు మూడవ అంతస్తుకు చేరలేదు. వార్డులో పని ముగించుకున్న కొన్ని సాయంత్రాలు నేను నా సొంత ఫోను నుంచి చేసేదాన్ని. ఆవిడ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టేవారు. గేజీ ఎంతొచ్చిందండీ అని అడిగేదాన్ని. అవతల ఊపిరి వినిపించేది. ఆవిడ ఫోను తీసుకుని, చేయి తిప్పుతున్నారండీ అని చెప్పేవారు. ఎటువైపో నేను అడగలేదు. ఈ వేసవిలో ఆ ఫోను పనిచేయడం మానేసింది. బాగు చేయించలేదట.

జూలై పదిహేడున ఆవిడ తెచ్చిన డబ్బాలోని అట్టలు చాలావరకు ఆయన ఎదురుచూసిన రోజులవి, తరువాత మోతాదు మారడంతో మిగిలిపోయినవి. ముందుగానే కొని పెట్టుకున్నారు. వేసుకోమన్న మాట రాగానే మొదలుపెట్టాలని అందుబాటులో ఉంచుకున్నారట, కిటికీ గూట్లో.

డబ్బా ఖాళీ చేసి ఆవిడకు తిరిగి ఇచ్చాను. ఆవిడ కదలలేదు. ఇంకేమైనా కావాలా అని అడిగాను. ఆయన రిటైరైన రోజున హ్యాండిలు తీసుకువెళ్ళి ఆఫీసులో ఇచ్చి, ముట్టిందని వారు నోటితో చెప్పేవరకు అక్కడే నిలబడ్డారట.

"ముట్టిందని ఒక్క ముక్క చెప్పండమ్మా. వెళ్ళిపోతాను," అన్నారు.

"ముట్టిందండీ," అన్నాను.

ఆ తరువాత మారినది ఇది. రక్తం పలచబడే మాత్రతో నా వార్డు నుంచి ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ, దాన్ని ఎవరు ఆపమన్నా, మళ్ళీ ఎప్పుడు వేసుకోవాలో అక్కడే, వారి నోటనే అడిగి తెలుసుకోమని చెబుతున్నాను. వారు చెప్పకపోతే నాకు ఫోను చేయమని నా నంబరు ఇస్తున్నాను. కొందరు చేస్తున్నారు. గురువారం గదిని తిరిగి తెరవమని పైవారిని అడిగాను. దాన్ని మూయించినవారు బదిలీ అయి వెళ్ళిపోయారు. ఇప్పుడున్నవారు, మూసింది తాము కాదు కనుక తెరవడం తమ చేతిలో లేదన్నారు. గది మూసే ఉంది.